నా దుంప తెంచింది దుంప కాదు

నా బరువు 91 కిలోలకు చేరిందని చెప్పగానే మా అమ్మ ఫోన్లో అన్న మొదటి మాట: "నీ దుంప తెగ, ఆ దుంపలు మానెయ్యరా అంటే వినవు కదా!"

ఒక్క వాక్యంలో రెండు దుంపలు. ఆవిడకి నవ్వు రాలేదు గానీ నాకు వచ్చింది. నవ్వుకుని, మానేశాను కూడా. అయిదు నెలలు బంగాళాదుంప ముట్టలేదు. ఇంట్లో మా ఆవిడ, అమ్మాయి తింటుంటే పక్కనే కూర్చుని, పెట్టె మీద సన్నటి నడుము బొమ్మ ఉన్న బిస్కెట్లు నమిలేవాణ్ణి. మధ్యలో ఆకలేస్తే గుప్పెడు జీడిపప్పు. గుప్పెడంటే నా గుప్పెడు, చిన్నదేం కాదు. అయిదు నెలలయ్యాక కాటా ఎక్కితే 93.

ఆ మరుసటి నెలలోనే నేను పనిచేసే చోట ఖర్చులు తగ్గించుకోవడం మొదలుపెట్టారు. కుర్చీ మిగిలింది, జీతం సగమైంది. నాది లెక్కలు తనిఖీ చేసే పని. పదిమంది ఖాతాల్లో ఎక్కడ పైసా తేడా వచ్చిందో వెతికి పట్టుకుంటాను. అలాంటిది, సొంత ఇంటి తిండి ఖర్చు కూర్చుని రాసింది మాత్రం ఆ నెలే. రాస్తే తేలిందేమిటంటే, మా ఇంట్లో అన్నిటికంటే ఖరీదైన తిండి ఆ నడుము బొమ్మ బిస్కెట్లు. అన్నిటికంటే చవకైనది, కడుపు నింపేది, మూలన అట్టపెట్టెలో పడి ఉన్న బంగాళాదుంప.

దాంతో మళ్ళీ మొదలుపెట్టాను. బరువు తగ్గడానికి కాదు, డబ్బుల్లేక. ఈ మాట ముందే చెప్పేస్తే మంచిది, లేకపోతే నేనేదో పెద్ద పథకం వేసుకుని చేశాననుకుంటారు.

మొదటి వారం ఎప్పటిలాగే వేపుడు. అరకిలో దుంపలు సన్నగా తరిగి మూకుట్లో వేశాను. ఆ రోజు కాటా గట్టు మీదే ఉంది, అమ్మాయి ఏదో స్కూలు ప్రాజెక్టు కోసం తెచ్చిన చిన్న ఎలక్ట్రానిక్ కాటా. నూనె సీసా చేతిలో ఉండగా ఊరికే, నిజంగా ఊరికే, దాన్ని కాటా మీద పెట్టాను. 871 గ్రాములు. వంటయ్యాక మళ్ళీ పెట్టాను. 797.

నేను పోశాననుకున్నది రెండు చెంచాలు. ముందొకటి, మధ్యలో దుంపలు అడుగంటుతున్నాయని ఇంకొకటి. పోసింది 74 గ్రాములు! మూకుట్లో మిగిలింది చిన్న గిన్నెలోకి వంచి తూచాను, 9 గ్రాములు వచ్చింది. అంటే 65 గ్రాములు దుంపల్లోకే వెళ్ళింది. ఏ నూనె అయినా సరే, ఖరీదైనదైనా చవకదైనా, గ్రాముకు 9 కేలరీలు. 65 గ్రాములంటే 585. పచ్చి బంగాళాదుంప వంద గ్రాములకు ఉండేది 77 కేలరీలు, అరకిలోకి 385. నా మూకుట్లో దుంపల కంటే నూనె బరువైన పద్దు అన్నమాట. ఇన్నేళ్ళుగా నేను తింటున్నది బంగాళాదుంపల వేపుడు కాదు, బంగాళాదుంపలు వేసిన నూనె.

అత్త మీద కోపం దుత్త మీద చూపించినట్టు, సీసా మీద చూపించాల్సిన కోపం అయిదు నెలలు దుంప మీద చూపించాను.

ఆ తర్వాత చదివి తెలుసుకున్నాను, దుంప నూనె ఎలా తాగుతుందో. పచ్చి బంగాళాదుంపలో దాదాపు ఎనభై శాతం నీళ్ళే. వేడి నూనె తగలగానే ఆ నీరు ఆవిరై బయటికి పరిగెత్తుతుంది. బుడగలు అవే. ఆవిరి బయటికి తోస్తున్నంతసేపూ నూనె లోపలికి పెద్దగా పోలేదు. తీసి పళ్ళెంలో వేశాక, ముక్క చల్లబడేటప్పుడు, లోపలి ఆవిరి కుంచించుకుని ఖాళీ అవుతుంది, అప్పుడు పైన అంటుకున్న నూనెను లోపలికి పీల్చేసుకుంటుంది. అందుకే వేపుడు దించిన వెంటనే, వేడి మీదే కాగితం మీద ఒత్తాలి. పది నిమిషాలయ్యాక ఒత్తితే కాగితానికి అంటేది అంతంతే. తరుగు ఎంత సన్నగా ఉంటే అంత ఎక్కువ పైభాగం, అంత నూనె. చిప్స్ సంగతి ఇక వేరే చెప్పాలా? వాటిలో నీరంతా పోయి ఆ చోట్లో నూనె కూర్చుంటుంది, వంద గ్రాములకు 530 కేలరీలు దాటుతుంది. అదే దుంప, ఉడకబెడితే 87.

ఈ లెక్కంతా మా ఆవిడకి చెప్తే, "నేనెప్పుడో చెప్పాను, మీరే వినలేదు" అంది. ఆవిడ ఎప్పుడు చెప్పిందో నాకు గుర్తు లేదు. వాదించలేదు.

ఉడకబెట్టిన దుంప గురించి ఇంకో సంగతి. 1995లో ఆస్ట్రేలియాలోని సిడ్నీ విశ్వవిద్యాలయంలో సుసానా హోల్ట్, ఆవిడ తోటివాళ్ళు ఒక పరీక్ష పెట్టారు. 38 రకాల తిండి, ప్రతిదీ 240 కేలరీలకు సరిపడా తూచి మనుషులకు పెట్టి, రెండు గంటలపాటు పావుగంటకోసారి "ఇప్పుడు కడుపు ఎంత నిండుగా ఉంది?" అని అడిగి రాసుకున్నారు. తెల్ల బ్రెడ్డుకు వంద మార్కులు అనుకుంటే, ఉడకబెట్టిన బంగాళాదుంపకు 323 వచ్చాయి. అన్నిటికంటే అదే పైన. వెన్న పొరల క్రోసాంకు 47, అట్టడుగున. అదే బంగాళాదుంపను ఫ్రెంచ్ ఫ్రైస్ చేస్తే 116. ఒక్కో తిండిని తిన్నది పదకొండు నుంచి పదమూడు మందే కాబట్టి ఇదే వేదం అనను. కానీ నా కడుపు కూడా అదే చెప్పింది. ఉప్పు, మిరియాలు వేసిన నాలుగు ఉడికిన దుంపలు తిన్న మధ్యాహ్నం, నాలుగింటికి నా చెయ్యి జీడిపప్పు డబ్బా వైపు పోలేదు. కారణం వింతేం కాదు. 240 కేలరీల ఉడికిన దుంపంటే పావుకిలో పైమాటే, పళ్ళెం నిండుతుంది. 240 కేలరీల బిస్కెట్లంటే అరచేతిలో పడతాయి.

ఇప్పుడు వంట సంగతి. నా పద్ధతి మొత్తం ఆదివారం సాయంత్రం పెట్టే ఒక పెద్ద గిన్నె మీద ఆధారపడి ఉంది.

రెండు కిలోల దుంపలు, వీలైనంతవరకు ఒకే సైజువి, మట్టి పోయేలా కడిగి, తొక్కతోనే, కొయ్యకుండా గిన్నెలో వేస్తాను. మునిగేంత చన్నీళ్ళు పోసి, అప్పుడు పొయ్యి వెలిగిస్తాను. మరుగుతున్న నీళ్ళలో దుంపలు పడేస్తే పైన చితికిపోయి నడిమధ్య పచ్చిగా ఉండిపోతుంది. చన్నీళ్ళతో మొదలుపెడితే లోపలా బయటా కలిసి వేడెక్కుతాయి. ఉప్పు కొంచెం గట్టిగానే వేస్తాను, తొక్క ఉంటుంది కాబట్టి లోపలికి దిగేది తక్కువ. మరుగు వచ్చాక మంట తగ్గించి మూత పెడతాను. నీళ్ళు ఎగిరెగిరి పడుతున్నంత మాత్రాన వంట తొందరగా అయిపోదు, గ్యాసు తొందరగా అయిపోతుంది. ఇరవై నిమిషాలయ్యాక సన్న చాకు గుచ్చి ఎత్తితే దుంప దానంతటదే జారి పడాలి. పడకపోతే ఇంకో అయిదు నిమిషాలు.

నీళ్ళు వంపేశాక దుంపలను అదే వేడి గిన్నెలో మూత లేకుండా రెండు నిమిషాలు ఉంచుతాను. తొక్క మీద తడి ఆరిపోయి, ముట్టుకుంటే పొడిగా, కొంచెం గరుగ్గా తగులుతుంది. ఈ రెండు నిమిషాలు వదిలేసిన వారం, ఫ్రిజ్‌లో దుంపలు జిగురు పట్టాయి. తర్వాత పళ్ళెంలో పరిచి, చల్లబడగానే, రెండు గంటలు దాటకుండా ఫ్రిజ్‌లోకి. నాలుగు రోజుల్లోపల తినేస్తాం.

కోయకుండా ఉడికించడానికి కారణం బద్ధకం ఒకటి. రెండోది, ముక్కలు చేసి ఉడకబెడితే పొటాషియం, సి విటమిన్ నీళ్ళలోకి ఎక్కువగా దిగిపోతాయి. వంద గ్రాముల పచ్చి దుంపలో 400 మిల్లీగ్రాములకు పైగా పొటాషియం ఉంటుంది, అరటిపండు కంటే ఎక్కువే. తొక్కలోనే బలమంతా ఉందని చాలామంది అంటారు గానీ అది అతి. తొక్కలో పీచు ఉంది, నిజమే. పొటాషియం, సి విటమిన్ ఎక్కువ భాగం లోపలి కండలోనే. తొక్క ఇష్టం లేనివాళ్ళు తీసేసుకుని తిన్నా మునిగిపోయేదేమీ లేదు. నేను తింటాను, ఎందుకంటే డబ్బులిచ్చి కొన్నాను.

చల్లబరిస్తే ఇంకో లాభం. ఉడికేటప్పుడు విడిపోయిన పిండిపదార్థం చల్లగా ఉన్నప్పుడు కొంత మళ్ళీ గట్టిగా పేర్చుకుంటుంది, మన చిన్నపేగు దాన్ని అరిగించుకోలేదు, అది పీచులాగే కింది పేగుకు పోతుంది. తర్వాత వేడి చేసుకున్నా అందులో కొంత అలాగే ఉంటుంది. దీన్ని పట్టుకుని "చల్లటి బంగాళాదుంప తినండి, కొవ్వు కరిగిపోతుంది" అని ఊదరగొట్టేవాళ్ళున్నారు. వంద గ్రాముల్లో అలా మారేది కొద్ది గ్రాములే. నాకు చల్లటి దుంప వల్ల అసలు లాభం వేరే. ఉద్యోగం నుంచి ఆకలితో వచ్చేసరికి ఫ్రిజ్‌లో ఉడికిన దుంపలు సిద్ధంగా ఉంటాయి. ఆ పది నిమిషాల్లో బయటి తిండి తెప్పించుకునే బుద్ధి పుట్టదు. నా బరువు తగ్గించింది ఎక్కువగా ఈ సిద్ధంగా ఉండడమే.

వారంలో నేను ఎక్కువసార్లు చేసేది నొక్కుడు దుంప. పేరు మా అమ్మాయి పెట్టింది. చల్లటి చిన్న దుంపలు మూడు వందల గ్రాములు. ఒక్కోదాన్ని పలక మీద పెట్టి, గ్లాసు అడుగుతో మెల్లగా నొక్కాలి. తొక్క చిట్లి, అంచులు పగిలి, వేలు మందాన అప్పంలా అవ్వాలి. గట్టిగా నొక్కితే నుజ్జయిపోతుంది, నొక్కడంలో తొందరపడకూడదు. పలక మీదే ఒక టీ చెంచా నూనె, చెంచాతో కొలిచి, నాలుగున్నర గ్రాములు, వేళ్ళతో రెండు వైపులా పూస్తాను. నూనె పెనంలో పోయను, దుంపకే పూస్తాను. తేడా అంతా అక్కడే ఉంది. పెనంలో పోస్తే సగం పెనానికే, మళ్ళీ సరిపోలేదని ఇంకొంచెం. పెనం బాగా వేడెక్కాక దుంపలు పరిచి ఏడు నిమిషాలు ముట్టుకోను. ఈ ముట్టుకోకపోవడం నేర్చుకోవడానికి నాకు నెల పట్టింది! మొదట చిటపటలు గట్టిగా వస్తాయి, అవి తడి తాలూకువి. చప్పుడు సన్నబడి బుసబుసలాడుతున్నట్టు అయినప్పుడు అడుగు పట్టు విడుస్తుంది. అట్లకాడ దూరిస్తే తనంతట తనే లేస్తుంది. అంతకుముందు లేపితే ఆ కరకరలాడే పొర పెనానికే ఉండిపోతుంది, మీకు మిగిలేది బట్టతల దుంప. తిప్పి ఇంకో అయిదు నిమిషాలు. వెల్లుల్లి నూరి దించాక కలుపుతాను, ముందే వేస్తే మాడి చేదెక్కుతుంది. మొత్తం 300 కేలరీలు. పాత వేపుడు ఇంతే పళ్ళెం తింటే దాదాపు రెట్టింపు.

దుంపను నల్లగా మాడ్చకండి, బంగారు రంగు దగ్గరే ఆపండి. ఎక్కువ వేడిలో పిండిపదార్థాలు ఎర్రబడేటప్పుడు హాని చేస్తుందని అనుమానించే అక్రిలమైడ్ అనే రసాయనం తయారవుతుందని 2002లో స్వీడన్ శాస్త్రవేత్తలు బయటపెట్టారు. రంగు ఎంత ముదిరితే అది అంత ఎక్కువ. ఉడకబెట్టిన దాంట్లో ఆ బాధ లేదు, నీళ్ళు ఎంత మరిగినా అంత వేడికి చేరవు.

ముద్ద దుంపకు వెన్నా మీగడా లేకపోతే ఎలాగని నేనూ అనుకున్నాను. ఉడికించిన నీళ్ళు ఒక కప్పు దాచుకుంటే చాలు. అందులో కరిగిన పిండి ఉంటుంది, మూడు చెంచాలు పోసి వేడి మీద మెదిపితే మెత్తగా జారుతుంది. పొయ్యి దించి, వేడి కాస్త తగ్గాక, రెండు చెంచాల గట్టి పెరుగు. మరీ వేడిలో వేస్తే విరుగుతుంది. దుంపలో మూడో వంతు తీసేసి ఆ చోట ఆవిరి మీద ఉడికించిన కాలీఫ్లవర్ మెదిపితే మా అమ్మాయి కనిపెట్టలేదు. సగం వేసిన రోజు కనిపెట్టింది.

సూపు గురించి చెప్పడానికి పెద్దగా ఏమీ లేదు. ఉల్లిపాయ, చితికిన దుంపలు, క్యారెట్ కొసలు, క్యాబేజీ పై ఆకులు, నీళ్ళు. ఉడికాక మూడో వంతు గరిటెతో మెదిపితే చిక్కబడుతుంది, మీగడ అక్కర్లేదు. నెలాఖరు వంట.

సలాడ్‌కు మాత్రం ఒక కిటుకుంది. దుంపలు వేడిగా ఉన్నప్పుడే ముక్కలు చేసి వెనిగర్ చల్లాలి. వేడి ముక్క పులుపును పీల్చుకుంటుంది, చల్లబడ్డాక చల్లితే పైపైనే జారిపోతుంది. లోపలికి పులుపు ఎక్కిన దుంపకు నూనె, మయొనైజ్ తక్కువైనట్టే అనిపించదు. ఆవపిండి ముద్ద ఒక చెంచా, సన్నగా తరిగిన ఉల్లిపాయ, కీర, రెండు ఉడికించిన గుడ్లు. గుడ్లు ఎందుకంటే బంగాళాదుంపలో మాంసకృత్తులు తక్కువ, వంద గ్రాములకు రెండు గ్రాములే. దుంపతో పాటు గుడ్డో, చేపో, ఉడికించిన బీన్స్ గింజలో, పెరుగో లేకపోతే కడుపు నిండుతుంది గానీ ఒంట్లో కండ కూడా కొవ్వుతో పాటే కరుగుతుంది.

అమెరికాలో క్రిస్ వోయిట్ అని, అప్పట్లో వాషింగ్టన్ రాష్ట్ర బంగాళాదుంప కమిషన్‌కు పెద్ద, 2010లో అరవై రోజులు రోజుకు ఇరవై బంగాళాదుంపలు, కాస్త నూనె, మసాలాలు తప్ప ఇంకేమీ తినకుండా ఉండి తొమ్మిది కిలోలకు పైగా తగ్గాడు. దుంపను ఆడిపోసుకునేవాళ్ళ నోరు మూయించడానికి చేశాడు, ఆహార పథకంగా కాదు. ఇది చదివిన రోజు నాకూ చెయ్యాలనిపించింది. మూడో రోజు సాయంత్రం గుడ్డు వాసనకు లొంగిపోయాను. మీరు ప్రయత్నించొద్దు. నేను రోజుకు ఒక్క పూటే దుంప తింటాను, మూడు నాలుగు వందల గ్రాములు.

పాడుచేసినవి కూడా చెప్పాలి కదా.

ఒకసారి ముద్ద దుంప నున్నగా రావాలని మిక్సీలో వేసి తిప్పాను. నిమిషంలో అది తిండి రూపం పోగొట్టుకుంది. గరిటె ఎత్తితే తీగలా సాగింది. దుంప కణాల్లో పిండి సంచుల్లా ఉంటుంది, బ్లేడు ఆ సంచులన్నీ చింపేస్తే పిండి బయటపడి జిగురవుతుంది. మా ఆవిడ దాన్ని చూసి, "పుస్తకాలకి అట్టలు వెయ్యొచ్చు" అంది. పారేయడానికి మనసొప్పక, నీళ్ళు కలిపి సూపు చేద్దామని చూశాను. ఒక గిన్నెడు జిగురు కాస్తా రెండు గిన్నెల జిగురైంది.

ఇంకోసారి సూపులో రుచి కోసం నిమ్మరసం మొదట్లోనే పిండాను. ముప్పావుగంట ఉడికినా ముక్క మెత్తబడదే! గ్యాసు పోతోంది, ఆకలి పెరుగుతోంది, చాకు గుచ్చితే టక్కుమంటోంది. పులుపు తగిలితే కాయగూరల కణాలను పట్టి ఉంచే బంధం కరగడం నెమ్మదిస్తుంది. టమాటా అయినా, నిమ్మ అయినా, దుంప ఉడికాకే వెయ్యాలి. ముక్క చితకకుండా నిలబడాలనుకున్నప్పుడు మాత్రం ఇదే పులుపు పనికొస్తుంది.

ఇది చవకబేరం కథ. నెలకు సరిపడా ఒకేసారి కొంటే తక్కువ పడుతుందని కొని, వంటింటి కిటికీ కింద బుట్టలో పోశాను. పది రోజుల్లో సగం పచ్చబడ్డాయి. ఆ పచ్చదనం ఆకుల్లో ఉండేదే, దాని వల్ల ప్రమాదం లేదు. కానీ ఏ వెలుతురు దుంపను పచ్చగా చేస్తుందో అదే లోపల సొలనైన్ లాంటి చేదు విషాలను కూడా పెంచుతుంది, అవి ఉడకబెట్టినా పోవు. కొంచెం పచ్చగా ఉంటే ఆ భాగం మందంగా చెక్కి పారేయొచ్చు. బాగా పచ్చబడ్డా, ముడతలు పడి మొలకలు బారెడు లేచినా, నాలుకకు చేదు తగిలినా మొత్తం పారేయాల్సిందే. నేను మూడు కిలోలు పారేశాను. ఖర్చుల పుస్తకంలో ఆ వరుసకు ఎర్ర ఇంకు వాడాను. ఇప్పుడు పదిహేను రోజులకే కొంటాను, కడగనివి, మట్టి ఉన్నవి, అవి ఎక్కువ రోజులు నిలుస్తాయి. చీకట్లో, గాలాడే అట్టపెట్టెలో, ఉల్లిపాయలకు దూరంగా. రెండూ ఒకచోట ఉంటే రెండూ తొందరగా చెడిపోతాయి. పచ్చి దుంపలను ఫ్రిజ్‌లో పెట్టను, చలికి పిండి చక్కెరగా మారి పెనం మీద తొందరగా నల్లబడతాయి. మిగతావాటికంటే చిన్నవి, వంకరవి తీసుకుంటే ఇంకా చవక. నొక్కుడు దుంపకు నాకు కావాల్సినవీ అవే.

బరువు సంగతికొస్తే, 93 నుంచి 80కి రావడానికి పదకొండు నెలలు పట్టింది. అందులో ఆరో నెల, ఏడో నెల కాటా ముల్లు కదల్లేదు. దుంపలు అవే, చెంచా అదే. మళ్ళీ తనిఖీకి దిగాను. దొరికింది: సలాడ్ మీద చీజ్ తురుము. "కొంచెమే" అని చేత్తో చల్లుతున్నది తూస్తే 40 గ్రాములు, 160 కేలరీలు. రోజూ. నిందితుడు మళ్ళీ దుంప పక్కనున్నవాడే. ఇంకొకటి, నేను సన్నబడ్డకొద్దీ ఒంటికి కావాల్సిన తిండి కూడా తగ్గింది, పళ్ళెం మాత్రం 93 కిలోల మనిషిదే ఉండిపోయింది. నాలుగు వందల గ్రాములను మూడు వందలు చేశాను. ఆ వంద తగ్గించిన వారం మాత్రం నిజంగా చిరాగ్గా గడిచింది, ఆ వారం ఇంట్లో ఎవరితోనూ సరిగ్గా మాట్లాడలేదు.

నాకు షుగరు లేదు. ఉన్నవాళ్ళకు ఈ లెక్క ఇలాగే పనికిరాదు. వేడి వేడి ముద్ద దుంప రక్తంలో చక్కెరను గబగబా పెంచుతుంది, చల్లార్చి పులుపుతో తింటే కొంత నెమ్మదిస్తుంది, అంతే. మా అత్తయ్యకు షుగరు ఉంది, తిన్న రెండు గంటలకు మీటరులో చూసుకుని రెండు చిన్న దుంపల దగ్గర ఆగింది. కిడ్నీ జబ్బున్న మా బంధువొకాయన అసలు ముట్టుకోడు, ఆయనకు పొటాషియం పడదు. డాక్టర్ని అడిగి తినండి.

పోయిన నెల అమ్మ మా ఇంటికొచ్చి ఇరవై రోజులుంది. మొదటి రోజు నన్ను చూసి, "చిక్కిపోయావురా, ఏం తింటున్నావ్?" అంది. దుంపలన్నాను. నమ్మలేదు. మర్నాడు నొక్కుడు దుంప పెడితే, ఒకటి తిని, ఇంకోటి తిని, "ఉప్పు తక్కువైంది" అని మూడోది తీసుకుంది.

మా ఇంట్లో నూనె సీసా మెడకు ఒక టీ చెంచా రబ్బరు బ్యాండుతో కట్టి ఉంటుంది. అమ్మ దానికి ఆడిటర్ చెంచా అని పేరు పెట్టింది. ఆవిడ వంట చేసిన రోజు కూడా ఆ చెంచాతోనే వేసింది, నా కళ్ళ ముందే, ఒక్క చెంచా. నేను మంచినీళ్ళ సీసా కోసం ఫ్రిజ్ వైపు తిరిగాను. వెనకాల రబ్బరు బ్యాండు చప్పుడు ఇంకో రెండుసార్లు వినిపించింది.